గ్రామీణ కాంక్రీటు రహదారుల మందం నిర్ణయం: రూపకల్పన పద్ధతుల తులనాత్మక పరిశీలన

పరిచయం

పొలం నుంచి కొనుగోలు కేంద్రానికి, అక్కడి నుంచి మార్కెట్ యార్డుకు పంట చేరే దారిలో ఊరి మధ్య భాగం నేడు చాలాచోట్ల సిమెంటు కాంక్రీటు రహదారిగా ఉంది. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన క్రింద, ఆ తరువాత ఉపాధి హామీ పథకపు సామగ్రి నిధులతో ఇటువంటి రహదారుల నిర్మాణం విస్తరించింది. వీటిలో కొన్ని ఇరవై ఏళ్లు చెక్కుచెదరక నిలుస్తుండగా, కొన్ని మూడు నాలుగేళ్లకే నిలువునా, అడ్డంగా చీలుతున్నాయి. చీలిన పలక మీదుగా ధాన్యం లారీ వెళ్లినప్పుడు జరిగే నష్టం రహదారి శాఖ లెక్కకే పరిమితం కాదు. కోతకాలంలో వాహనం ఊరి బయటే ఆగిపోతే ఆ భారం రైతుపై పడుతుంది.

ఇటువంటి రహదారికి మందం ఎంత ఉండాలన్న ప్రశ్నకు అన్ని రూపకల్పన పద్ధతులూ ఒకే సమాధానం ఇవ్వవు. ఒకే నేల, ఒకే కాంక్రీటు, ఒకే లారీకి ఒక పద్ధతి 15 సెంటీమీటర్లు చాలునంటే మరొకటి 20 సెంటీమీటర్లు కావాలంటుంది. ఈ వ్యత్యాసం గణితంలోని పొరపాటు వల్ల వచ్చినది కాదు. ప్రతి పద్ధతీ రహదారి ఏ విధంగా దెబ్బతింటుందని ముందుగా ఊహించుకొని, ఆ నష్టాన్నే లెక్కిస్తుంది. కనుక పద్ధతిని ఎంచుకోవడమంటే, ఆ ఊరిలో రహదారి దేనివల్ల చీలుతుందో నిర్ణయించడమే. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారంలో గణనీయమైన భాగం నేల, నీరు, పంటకాలాలకు సంబంధించినది. ఇంజనీరింగ్ విషయమైనప్పటికీ దీనిని వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తెలుసుకోవలసిన అవసరం ఇక్కడే ఉంది.

కాంక్రీటు పలక ప్రవర్తన

తారు రహదారి చక్రపు భారాన్ని పొరపొరగా క్రిందికి పంచుతుంది. కాంక్రీటు పలక దృఢమైనది కావడం వలన అది బల్లవలె వంగి, భారాన్ని విశాలమైన నేలపైకి వ్యాపింపజేస్తుంది. వంగినప్పుడు పలక ఒక ముఖం నొక్కుకుపోతుంది, రెండవ ముఖం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది గాని సాగుడును తట్టుకోలేదు. అందుచేత రహదారి పలకకు ముఖ్యమైనది దాని వంపు బలం. ఎం30 కాంక్రీటుకు 28 రోజుల ఘన బలం 30 మెగాపాస్కల్ ఉండగా, వంపు బలం సుమారు 3.8 మెగాపాస్కల్ మాత్రమే.

పలకలో సాగుడు ప్రతిబలం రెండు కారణాల వల్ల పుడుతుంది. మొదటిది చక్రపు భారం. రెండవది పలక పైముఖానికీ అడుగుముఖానికీ మధ్య ఉండే ఉష్ణోగ్రతా భేదం. పగటివేళ పైముఖం వేడెక్కి వ్యాకోచించడంతో పలక నడుమ పైకి ఉబ్బజూస్తుంది. పలక స్వీయ భారం దానిని అడ్డుకొనడంతో అడుగుముఖంలో సాగుడు కలుగుతుంది. రాత్రివేళ ఇది తలక్రిందులై, మూలలు, అంచులు పైకి లేవజూస్తాయి, పైముఖంలో సాగుడు కలుగుతుంది. అందువల్ల పగటి చీలిక సాధారణంగా అడుగు నుంచి పైకి, రాత్రి చీలిక పై నుంచి అడుగుకు సాగుతుంది.

ఈ రెండు ప్రతిబలాలను ఎలా లెక్కించాలి, ఎప్పుడు కలపాలి, పునరావృతమయ్యే భారాలను ఎలా పరిగణించాలి, పలక క్రింది నేల జారిపోతే ఏం చేయాలి అన్న నాలుగు ప్రశ్నల వద్దనే వివిధ పద్ధతులు విడిపోతాయి.

వెస్టర్‌గార్డ్ విశ్లేషణ

డెన్మార్క్‌లో జన్మించి అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన హెచ్.ఎం. వెస్టర్‌గార్డ్ 1926లో కాంక్రీటు పలకలోని ప్రతిబలాలకు సిద్ధాంతపరమైన సూత్రాలను ప్రకటించాడు. చక్రం పలక నడుమన, అంచున, మూలన ఉన్నప్పుడు కలిగే ప్రతిబలాలను ఆయన వేరువేరుగా లెక్కించాడు. అడుగు నేలను దగ్గర దగ్గరగా అమర్చిన స్ప్రింగుల వరుసగా భావించాడు. ఆ స్ప్రింగుల గట్టిదనమే అడుగు నేల ప్రతిచర్యా గుణకం. ఆ మరుసటి సంవత్సరం ఉష్ణ ప్రతిబలాలకు కూడా విశ్లేషణ అందించాడు. పరిమిత పొడవు గల పలకలకు దానిని అన్వయించే గుణకాలను బ్రాడ్‌బరీ 1938లో రూపొందించాడు. ఆర్లింగ్‌టన్‌లో జరిపిన క్షేత్ర ప్రయోగాల ఆధారంగా టెల్లర్, సదర్లాండ్ అంచు ప్రతిబల సూత్రాన్ని సవరించారు.

ఈ విశ్లేషణ బలం దాని స్పష్టత. మందం, కాంక్రీటు గట్టిదనం, నేల, చక్రపు భారం అన్న నాలుగింటిలో దేనిని మార్చితే ఎంత ఫలితం వస్తుందో ఇది నేరుగా చూపుతుంది. అయితే దీని క్రింద ఒక బలమైన ఊహ ఉంది. పలక అడుగుముఖం ప్రతిచోటా నేలను తాకుతూనే ఉండాలి, నేల ప్రతిచోటా ఒకే విధంగా ప్రతిస్పందించాలి. నల్లరేగడి నేలను చూసినవారికి ఈ ఊహ ఎంత పెళుసైనదో వివరించనవసరం లేదు.

ఆషో రహదారి పరీక్ష, ఆష్టో పద్ధతి

సిద్ధాంతం నుంచి కాక నేరుగా రహదారి నుంచి సమాధానం రాబట్టే ప్రయత్నం 1958 అక్టోబరు నుంచి 1960 నవంబరు వరకు ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా పట్టణ సమీపంలో జరిగింది. ఆషో రహదారి పరీక్షగా ప్రసిద్ధమైన ఈ ప్రయోగంలో సుమారు 6 నుంచి 32 సెంటీమీటర్ల మందం గల కాంక్రీటు పలకలపై 11 లక్షలకు పైగా ఇరుసు భారాలను నడిపారు. రహదారి ప్రయాణానికి ఎంత అనుకూలంగా ఉందో సున్నా నుంచి ఐదు వరకు గల సూచికతో కొలిచారు. ఆ సూచిక పడిపోయే వేగం ఆధారంగా సమీకరణాన్ని నిర్మించారు. దానిని క్రమంగా విస్తరించి రూపొందించినదే 1993 నాటి ఆష్టో మార్గదర్శిని.

ఈ పద్ధతిలో అన్ని వాహనాలనూ 80 కిలోన్యూటన్ల ప్రమాణ ఇరుసు సంఖ్యలోకి మారుస్తారు. రహదారి నష్టం ఇరుసు భారపు నాలుగవ ఘాతానికి సుమారు అనుపాతంగా పెరుగుతుందన్న ప్రసిద్ధ సూత్రం ఈ పరీక్ష ఫలితమే. భారం 10 శాతం పెరిగితే నష్టం 46 శాతం పెరుగుతుంది.

ఆష్టో సమీకరణంలో వ్యవసాయ శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించే అంశం మురుగు పారుదల గుణకం. ఒటావా పరీక్షలో పలకలు విఫలమవడానికి ప్రధాన కారణం భారం క్రింద అడుగు పొరలోని నీరు, సన్నని పదార్థం జాయింట్ల గుండా పైకి చిమ్ముకు రావడం. ఆ అనుభవం వలన మురుగు పారుదలకు సమీకరణంలో స్థానం లభించింది. మిగిలినవన్నీ యథాతథంగా ఉంచి ఈ గుణకాన్ని 1.0 నుంచి 0.8కి తగ్గిస్తే, రహదారి మోయగల ఇరుసుల సంఖ్య సగానికంటే దిగువకు పడిపోతుంది. జాయింట్ల వద్ద డోవెల్ కడ్డీలు లేనప్పుడు కూడా దాదాపు అంతటి తగ్గుదలే కనిపిస్తుంది.

ఈ పద్ధతి లోపం కూడా దాని పుట్టుకలోనే ఉంది. ఒకే ప్రాంతపు వాతావరణం, ఒకే రకమైన నేల, రెండేళ్ల కాలం అన్న పరిమితులలో లభించిన ఫలితాలను అది సర్వత్రా వర్తింపజేస్తుంది. ఉష్ణోగ్రతా భేదం అందులో ప్రత్యేకంగా కనిపించదు. మంచు గడ్డకట్టే ఇల్లినాయ్ వాతావరణం సమీకరణంలో అంతర్లీనంగా ఉండిపోయింది. రాయలసీమ మే నెల ఎండ అందులో లేదు.

పోర్ట్‌లాండ్ సిమెంట్ అసోసియేషన్ పద్ధతి

అమెరికాలోని పోర్ట్‌లాండ్ సిమెంట్ అసోసియేషన్ 1984లో ప్రచురించిన పద్ధతి రెండు వేర్వేరు పరీక్షలు పెడుతుంది. మొదటిది అలసట పరీక్ష. ప్రతి ఇరుసు భారానికి కలిగే ప్రతిబలాన్ని కాంక్రీటు వంపు బలంతో భాగించగా వచ్చే నిష్పత్తి 0.45కు లోపల ఉంటే ఎన్ని పునరావృతాలనైనా పలక తట్టుకుంటుందని భావిస్తారు. ఆపైన అనుమతించదగిన సంఖ్య వేగంగా పడిపోతుంది. నిష్పత్తి 0.55 వద్ద సుమారు 1,24,000, 0.65 వద్ద సుమారు 7,700, 0.75 వద్ద 480కి లోపు. ప్రతి భారం వినియోగించుకున్న వాటాలను కూడి, మొత్తం నూరు శాతం దాటకుండా మందాన్ని నిర్ణయిస్తారు.

రెండవది కోత పరీక్ష. పలక మూల ఎంత క్రిందికి దిగుతుందో దానినిబట్టి అడుగు పదార్థం కొట్టుకుపోయే అవకాశాన్ని అంచనా వేస్తారు. మందం అలసట పరీక్షలో సరిపోయినా కోత పరీక్షలో తప్పవచ్చు. పలక చీలకముందే దాని క్రింద ఖాళీ ఏర్పడవచ్చునన్న వాస్తవాన్ని ఈ పద్ధతి మందం లెక్కలోనికి తెచ్చింది. అయితే ఉష్ణ ప్రతిబలాన్ని అలసట లెక్కలో చేర్చలేదు. పగటి ఒంపు, రాత్రి ఒంపు, తేమ ప్రభావం పరస్పరం కొంత రద్దవుతాయన్న ఆలోచన దాని వెనుక ఉంది. పగటి ఉష్ణోగ్రతా భేదం అధికంగా ఉండే భారతీయ పరిస్థితులలో ఈ మినహాయింపును యథాతథంగా స్వీకరించడం క్షేమకరం కాదు.

భారతీయ పద్ధతులు

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ జాతీయ, రాష్ట్ర రహదారుల కోసం ఐఆర్‌సీ:58ను, తక్కువ రద్దీ గల గ్రామీణ రహదారుల కోసం ఐఆర్‌సీ:ఎస్‌పీ:62ను ప్రచురించింది. ఐఆర్‌సీ:58 మొదట 1974లో వెలువడి పలుమార్లు సవరణ పొందింది. 2011, 2015 సవరణలలో పగటివేళ అడుగు నుంచి పైకి వచ్చే చీలికను, రాత్రివేళ పై నుంచి క్రిందికి వచ్చే చీలికను విడివిడిగా పరీక్షించే విధానం ప్రవేశించింది. ఉష్ణోగ్రతా భేదాలను ప్రాంతాలవారీగా పట్టికలో ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల లోతట్టు మైదాన ప్రాంతాలు చేరిన మండలానికి 15 సెంటీమీటర్ల పలకలో ఇది 17.3 డిగ్రీలు, 20 సెంటీమీటర్ల పలకలో 19 డిగ్రీల సెల్సియస్. అలసట సమీకరణాన్ని పోర్ట్‌లాండ్ పద్ధతి నుంచే స్వీకరించారు. కోతను మాత్రం మందం లెక్కతో కాక, పలక క్రింద పొడి లీన్ కాంక్రీటు పొరను, దాని క్రింద నీరు పారే పొరను వేసి ఎదుర్కొంటారు.

గ్రామీణ రహదారుల ఐఆర్‌సీ:ఎస్‌పీ:62 (2014) రద్దీనిబట్టి మూడు మెట్లను అనుసరిస్తుంది. రోజుకు 50 కంటే తక్కువ వాణిజ్య వాహనాలు నడిచే రహదారికి 50 కిలోన్యూటన్ల జంట చక్రాల భారాన్ని మాత్రమే లెక్కిస్తుంది, ఉష్ణ ప్రతిబలాన్ని వదిలివేస్తుంది. 50 నుంచి 150 వాహనాల వరకు రెండింటినీ కలుపుతుంది. 150 దాటితే అలసటను కూడా పరీక్షిస్తుంది. మొదటి మెట్టులో ఉష్ణ ప్రతిబలాన్ని వదలడానికి కారణం, వాహనాలు తక్కువగా ఉన్నచోట అత్యధిక భారం, అత్యధిక ఉష్ణోగ్రతా భేదం ఒకే క్షణంలో కలిసే అవకాశం స్వల్పమన్న సంభావ్యతా తర్కం.

అమెరికాలో 2004లో నివేదికగా వెలువడి, 2008లో ఆష్టో ఆచరణ గ్రంథంగా రూపొందిన యాంత్రిక-అనుభవ పద్ధతి ఈ ధోరణులన్నిటినీ ఒకచోట చేర్చింది. గంటగంట ఉష్ణోగ్రత, నెలనెలా మారే తేమ, ఇరుసు భారాల విభజన తీసుకొని, కాలక్రమంలో చీలికల శాతం, జాయింట్ల వద్ద ఎత్తుతగ్గులు, గరుకుదనం ఎంత పెరుగుతాయో అది అంచనా వేస్తుంది. దానికి స్థానిక వాతావరణ, రహదారి దత్తాంశాలతో సవరణ అవసరం. ఒక పంచాయతీ రహదారికి అంతటి దత్తాంశం సేకరించడం నేడు ఆచరణసాధ్యం కాదు. అయినప్పటికీ కాలాన్నిబట్టి నేల, ఉష్ణోగ్రత, భారం మారుతాయన్న దాని మూల భావన చిన్న రహదారికి కూడా వర్తిస్తుంది.

ఒకే రహదారి, వేర్వేరు సమాధానాలు

పై తేడాలను అంకెలలో చూడటానికి ఒక ఉదాహరణ ఉపకరిస్తుంది. రహదారి వెడల్పు 3.75 మీటర్లు, కాంక్రీటు ఎం30, 90 రోజుల వంపు బలం 4.22 మెగాపాస్కల్, స్థితిస్థాపక గుణకం 30,000 మెగాపాస్కల్, జంట చక్రాల భారం 50 కిలోన్యూటన్లు, టైరు పీడనం 0.8 మెగాపాస్కల్ అనుకొందాం. నేల సీబీఆర్ 4 శాతం, దానికి తగిన ప్రతిచర్యా గుణకం మీటరుకు 35 మెగాపాస్కల్. అంచు ప్రతిబలానికి టెల్లర్, సదర్లాండ్ సవరించిన వెస్టర్‌గార్డ్ సూత్రాన్ని, ఉష్ణ ప్రతిబలానికి బ్రాడ్‌బరీ గుణకాలను వాడితే పట్టిక 1లోని విలువలు వస్తాయి. ఇవి పద్ధతుల స్వభావాన్ని చూపే లెక్కలు మాత్రమే. నిర్మాణానికి మార్గదర్శినిలోని పటాలనే అనుసరించాలి.

పట్టిక 1. మందం, జాయింట్ల దూరం మారినప్పుడు అంచు ప్రతిబలాలు (మెగాపాస్కల్)

| మందం (సెం.మీ.) | జాయింట్ల దూరం (మీ.) | భార ప్రతిబలం | ఉష్ణ ప్రతిబలం | మొత్తం |
|---|---|---|---|---|
| 15 | 3.75 | 4.17 | 2.05 | 6.22 |
| 15 | 2.50 | 4.17 | 0.81 | 4.98 |
| 17 | 3.75 | 3.42 | 1.82 | 5.24 |
| 17 | 2.50 | 3.42 | 0.63 | 4.05 |
| 20 | 3.75 | 2.63 | 1.49 | 4.12 |
| 20 | 2.50 | 2.63 | 0.44 | 3.07 |

భారాన్ని మాత్రమే లెక్కిస్తే 15 సెంటీమీటర్లు సరిపోతాయి. 4.17 అన్నది 4.22 కంటే తక్కువే. ఉష్ణ ప్రతిబలాన్ని కలిపితే, 3.75 మీటర్లకు ఒక జాయింటు చొప్పున 20 సెంటీమీటర్లు కావాలి. జాయింట్ల దూరాన్ని 2.5 మీటర్లకు తగ్గిస్తే 17 సెంటీమీటర్లు చాలు. ఆ 3 సెంటీమీటర్ల తేడా కిలోమీటరు రహదారికి 112 ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటుతో సమానం. ప్రతిగా జాయింట్ల సంఖ్య కిలోమీటరుకు సుమారు 267 నుంచి 400కు పెరుగుతుంది. వాటన్నిటినీ సకాలంలో కోసి, నీరు దిగకుండా పూడ్చి, ఏటా పరిశీలించగలిగితేనే ఈ పొదుపు నిజమైన పొదుపు అవుతుంది.

అలసట పరీక్షను ప్రవేశపెట్టగానే చిత్రం మళ్లీ మారుతుంది. 20 సెంటీమీటర్ల పలక, 2.5 మీటర్ల జాయింట్లు ఉన్నచోట మొత్తం ప్రతిబలం 3.07, నిష్పత్తి 0.73. దానికి అనుమతించదగిన పునరావృతాలు సుమారు 900. ఇరవై ఏళ్ల ఆయుర్దాయంలో అది ఏడాదికి 45 సార్లు. అంటే నిండు లారీ చక్రం, మిట్టమధ్యాహ్నపు ఎండ, పలక అంచు అన్న మూడూ ఏడాదిలో 45 కంటే ఎక్కువ సార్లు కలిస్తే, అంత మందమైన పలక కూడా గడువుకు ముందే చీలవచ్చు. 15 సెంటీమీటర్ల పలకకైతే ఆ కలయిక ఒక్కసారి జరిగినా చాలు. తక్కువ రద్దీ రహదారుల లెక్క అటువంటి కలయిక జరగదన్న నమ్మకంపైనే నిలిచి ఉంది.

ఆ నమ్మకాన్ని పంటల క్యాలెండరుతో సరిచూడాలి. ఏడాది సగటున రోజుకు 30 వాహనాలు నడిచే ఊరిలో కూడా రబీ వరి, మొక్కజొన్న కోతల తరువాత ఏప్రిల్, మే నెలలలో కొనుగోలు కేంద్రం నుంచి నిండు లారీలు వరుసగా బయలుదేరుతాయి. ఎగుమతి పగటిపూట జరుగుతుంది. ఉష్ణోగ్రతా భేదం అత్యధికంగా ఉండేది ఆ నెలలలోనే, ఆ వేళలలోనే. ఒకే వరుస రహదారిపై ఎదురు వాహనానికి దారి ఇవ్వడానికి లారీ అంచుకు దిగక తప్పదు. కనుక సంభావ్యత స్వల్పమన్న తర్కం పత్తి, కంది పండే ఊరికి వర్తించినంతగా రబీ వరి కేంద్రానికి వర్తించదు. చెరకు రాత్రివేళ తరలే ప్రాంతంలో పై నుంచి వచ్చే చీలికను కూడా చూడాలి. పైగా 2018లో జంట చక్రాల ఇరుసుకు అనుమతించిన భారం 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెరిగింది. 50 కిలోన్యూటన్ల చక్రభారం పాత పరిమితికి సరిపోయేది. కొత్త పరిమితిలో అది 56 కిలోన్యూటన్లు దాటుతుంది.

నల్లరేగడి నేలలలో లెక్కకు అందని అంశం

పై ఉదాహరణలో 15 సెంటీమీటర్ల పలకకు నేల సీబీఆర్‌ను 4 నుంచి 2 శాతానికి తగ్గిస్తే, అంటే ప్రతిచర్యా గుణకం 35 నుంచి 21కి పడిపోతే, భార ప్రతిబలం 4.17 నుంచి 4.45కు పెరుగుతుంది. పెరుగుదల ఏడు శాతం మాత్రమే. పలకను ఒక సెంటీమీటరు పలుచగా వేస్తే అది 4.64కు, అంటే 11 శాతం పెరుగుతుంది. దీనినుంచి రెండు పాఠాలు లభిస్తాయి. మొదటిది, పని జరిగేటప్పుడు మందంలో ఒక సెంటీమీటరు తగ్గడం బలహీనమైన నేలకంటే ఎక్కువ హాని చేస్తుంది. రెండవది, కాంక్రీటు రహదారికి నేల అంత ముఖ్యం కాదన్న భ్రమను ఈ లెక్క కలిగిస్తుంది.

ఆ భ్రమకు కారణం స్ప్రింగుల ఊహయే. బలహీనమైన నేల వేరు, మద్దతు లేని నేల వేరు. మాంట్‌మొరిల్లొనైట్ ఖనిజం అధికంగా గల నల్లరేగడి వర్షాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకొని లోతైన పగుళ్లిస్తుంది. పలక నడుమ భాగం క్రింద తేమ ఏడాది పొడవునా దాదాపు స్థిరంగా ఉంటుంది. అంచుల క్రింద మాత్రం ఋతువునుబట్టి మారుతుంది. వేసవిలో అంచుల క్రింద నేల దిగిపోయి ఖాళీ ఏర్పడుతుంది. అక్కడ పలక ఆధారం లేని చూరువలె నిలుస్తుంది. అప్పుడు వెస్టర్‌గార్డ్ సూత్రం, దానిపై ఆధారపడిన పటాలు వర్తించవు. నల్లరేగడిలో రహదారి పొడవునా, అంచుకు సమాంతరంగా కనిపించే చీలికకు తరచుగా కారణం ఇదే.

రహదారికి ఇరువైపులా సాగు కూడా దీనిని ప్రభావితం చేస్తుంది. ఒకవైపు కాలువ క్రింద వరి, మరొకవైపు వర్షాధార కంది ఉంటే, ఒక అంచు క్రింద నేల తడిగా, రెండవ అంచు క్రింద పొడిగా ఉంటుంది. అంచుకు ఆనుకొని పెరిగే పెద్ద చెట్లు వేసవిలో నేలలోని తేమను లాగివేస్తాయి. పొలంలోని మురుగునీరు రహదారి పక్కన నిలిస్తే అడుగు పొర నానుతుంది. వీటిలో ఏదీ నాలుగు రోజులు నానబెట్టిన ఒక్క సీబీఆర్ నమూనాలో వ్యక్తం కాదు.

అందుచేత నల్లరేగడిలో మందాన్ని పెంచడం మొదటి పరిష్కారం కాదు. ఉబ్బని బంకమట్టి పొరను వేయడం, సున్నంతో నేలను స్థిరీకరించడం, అడుగు పొరను పలక అంచు దాటి విస్తరించడం, భుజాలను నీరు దిగని మట్టితో గట్టిపరచడం, పక్క కాలువ అడుగును అడుగు పొరకంటే దిగువన ఉంచడం ముందుగా జరగాలి. ఆ తరువాతనే పద్ధతుల లెక్కకు అర్థం ఉంటుంది. ఆష్టో మురుగు పారుదల గుణకం, పోర్ట్‌లాండ్ కోత పరీక్ష వేర్వేరు మార్గాలలో చెబుతున్నదీ ఇదే.

పద్ధతుల ఎంపిక

ఎర్ర చల్కా, గరప నేలలలో నీరు బాగా ఇంకిపోయేచోట, రద్దీ నిజంగా తక్కువైన రహదారికి ఐఆర్‌సీ:ఎస్‌పీ:62 మొదటి మెట్టు సరిపోతుంది. అదే నేలలో కొనుగోలు కేంద్రం, చక్కెర కర్మాగారం, రైస్ మిల్లు, ఇసుక రేవు వంటివి ఉంటే, సగటు రద్దీ 50కి లోపే ఉన్నప్పటికీ రెండవ మెట్టును, అంటే ఉష్ణ ప్రతిబలాన్ని కలిపిన లెక్కను అనుసరించడం వివేకం. నిండు వాహనాల సంఖ్య అధికమైనప్పుడు అలసట పరీక్ష తప్పనిసరి. నల్లరేగడిలోను, ఆయకట్టు భూములలోను మందం లెక్క ఐఆర్‌సీ పద్ధతిలో చేసినా, మురుగు పారుదల, కోత అంశాలను ఆష్టో, పోర్ట్‌లాండ్ పద్ధతుల దృష్టితో విడిగా పరీక్షించాలి. ఒక పద్ధతి నుంచి మందాన్ని, మరొక పద్ధతి నుంచి సడలింపును తీసుకొని కలపడం మాత్రం ప్రమాదకరం. ఉష్ణ ప్రతిబలాన్ని వదిలిన పద్ధతి దానికి బదులుగా వేరొకచోట భద్రతను ఉంచుకొంటుంది. ఆ భద్రతను తీసివేసి సడలింపును మాత్రమే స్వీకరిస్తే రెండు వైపులా నష్టమే.

విస్తరణ శాస్త్రవేత్తలు అందించగల సమాచారం

రూపకల్పన చేసే ఇంజనీరుకు సాధారణంగా ఒక సీబీఆర్ విలువ, మూడు రోజుల వాహనాల లెక్క అందుబాటులో ఉంటాయి. ఆ మండలంలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్త వద్ద అంతకు మించిన సమాచారం ఉంటుంది. రహదారి దారిలో నేల స్వభావం ఎక్కడ మారుతుందో, ఏ భాగం నల్లరేగడిలో ఉందో నేల పటం చెబుతుంది. ఏ వైపు పొలాలకు నీరు ఎప్పుడు వదులుతారో, మురుగు ఎటు పారుతుందో ఆయకట్టు వివరాలు చెబుతాయి. ఏ నెలలో, ఏ వేళలో, ఎన్ని టన్నుల పంట ఆ రహదారి మీదుగా తరలుతుందో పంటల విస్తీర్ణం, దిగుబడి అంచనాల నుంచి తేల్చవచ్చు. ఉదాహరణకు 400 హెక్టార్ల రబీ వరి, హెక్టారుకు 6 టన్నుల దిగుబడి ఉన్న ఊరి నుంచి 2,400 టన్నుల ధాన్యం కదులుతుంది. లారీకి 10 టన్నుల చొప్పున అది 240 ప్రయాణాలు. వాటిలో ఐదవ వంతు మధ్యాహ్నపు ఎండలో అంచుమీదుగా సాగినా 48 సార్లు అవుతుంది. పై ఉదాహరణలో 20 సెంటీమీటర్ల పలకకు ఏడాదికి అనుమతించిన 45ను అది దాటిపోతుంది.

ఈ మూడు వివరాలను రహదారి ప్రతిపాదన దశలోనే గ్రామ పంచాయతీ ద్వారా ఇంజనీరింగ్ విభాగానికి అందజేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కోతల సమయంలో లారీల ఎగుమతిని ఉదయం వేళకు మార్చుకోవడం, భుజాల వెంట నీరు నిలవకుండా రైతులే గట్లను సరిచేసుకోవడం వంటి చర్యలు రహదారి ఆయుర్దాయాన్ని పెంచుతాయి. వీటిని రైతు శిక్షణ కార్యక్రమాలలో చేర్చవచ్చు.

ముగింపు

వెస్టర్‌గార్డ్ విశ్లేషణ ప్రతిబలాన్ని, ఆష్టో పద్ధతి ప్రయాణ సౌకర్యాన్ని, పోర్ట్‌లాండ్ పద్ధతి అలసటను, కోతను, ఐఆర్‌సీ పద్ధతులు భారాన్ని, ఉష్ణోగ్రతను ప్రధానంగా కొలుస్తాయి. వీటిలో ఒకటి సరైనది, మిగిలినవి తప్పు అనడానికి వీలులేదు. ప్రతి పద్ధతీ తాను చూడని అంశాన్ని క్షేత్రంలో ఎవరో చూసుకుంటారని నమ్ముతుంది. తక్కువ రద్దీ రహదారుల లెక్క భారం, ఎండ కలవవని నమ్ముతుంది. స్ప్రింగుల లెక్క నేల పలకను విడిచిపెట్టదని నమ్ముతుంది. రబీ వరి పండే నల్లరేగడి గ్రామంలో ఈ రెండు నమ్మకాలూ ఒకేసారి వమ్ము కావచ్చు. అటువంటి గ్రామాలను ముందుగా గుర్తించి తెలపడం నేలనూ పంటనూ ఎరిగిన శాస్త్రవేత్తలకు సాధ్యమైన పని. మందాన్ని నిర్ణయించే బాధ్యత ఇంజనీరుదే. ఆ నిర్ణయానికి ఆధారమైన ఊహలు ఆ ఊరికి సరిపోతాయో లేదో పరీక్షించడంలో మాత్రం ఉభయులూ పాలుపంచుకోవాలి.